బిడ్డ నోటిలో మొదటి చుక్క

జాలరిపేటలో ఏ ఇంట కానుపు జరిగినా ఆడా మగా అని అడిగిన వెంటనే ఇంకొక ప్రశ్న వస్తుంది: "నోట్లో ఏం వేశారు?" ఒక ఇంట తేనె అంటారు. ఒక ఇంట కడుపు శుభ్రపడాలని ఆముదం చుక్క అంటారు. పంచదార నీళ్లు పట్టేవారున్నారు. మాటలు త్వరగా రావాలని వసకొమ్ము అరగదీసి నాలుకకు రాసేవారూ ఉన్నారు. ఘోషా ఆసుపత్రిలో నర్సమ్మ "తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టకండి" అని చెప్పి పంపుతుంది. బాలింత ఇంటికి చేరేసరికి మామ్మగారు ఉగ్గుగిన్నె తోమి సిద్ధంగా ఉంచుతారు. ఇద్దరి మధ్యా ఆ ఇరవై ఏళ్ల పిల్ల. ఎవరి మాట వినాలి?

ప్రియమైన సహోదరీ సహోదరులారా, ఈ నెల ఈ శీర్షికలో ఆ ఉగ్గుగిన్నెను గురించే వ్రాయదలచాము. మామ్మగారిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఆమె తన బిడ్డలను అలాగే పెంచారు, ప్రేమతోనే చేస్తున్నారు. గాని పుట్టిన బిడ్డ కడుపులో మొదటి రోజులలో ఏమి జరుగుతుందో ఆమె కాలంలో ఎవరికీ ఇంత వివరంగా తెలియదు. ఈ ఇరవై ఏళ్లలో ఆ సంగతి చాలావరకు తెలియవచ్చింది. అది తెలిసిన తరువాత ఆ గిన్నెలో ఏమి పోయాలన్నది ఇష్టాయిష్టాల మాటగా ఉండిపోకూడదు.

స్త్రీల కూడికలో ఈ మాట ఎత్తినప్పుడు ఒక పెద్దావిడ వెంటనే అడిగారు: "క్రిములంటే జబ్బే కదా అయ్యగారూ, బిడ్డ కడుపులో అవి ఉండడం మంచిదంటారేమిటి?" న్యాయమైన ప్రశ్నే. మనకు క్రిమి అనగానే కలరా, టైఫాయిడ్ జ్ఞాపకం వస్తాయి. గాని పెద్దవారమైన మనలో ప్రతి ఒక్కరి శరీరంలోనూ ఇంచుమించు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉన్నాయని శాస్త్రవేత్తల లెక్క. మన శరీర కణాలెన్నో ఇంచుమించు అవీ అన్నే. వాటిలో అత్యధిక భాగం పెద్దపేగులోనే కాపురముంటాయి. మనం అరిగించుకోలేని పీచును అవి అరిగిస్తాయి, కొన్ని విటమిన్లు తయారుచేస్తాయి, హాని చేసే క్రిములకు చోటు లేకుండా చేస్తాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, శరీరంలోని రోగనిరోధక శక్తికి ఎవరు స్నేహితుడో ఎవరు శత్రువో నేర్పుతాయి. పుట్టగానే బిడ్డ తొడకు విటమిన్ కె సూది వేయడం తల్లులు చూసే ఉంటారు. తల్లి నుండి ఆ విటమిన్ బిడ్డకు చేరేది బహు కొద్ది, పాలలోనూ తక్కువే, పేగులో దానిని తయారుచేసే బాక్టీరియా అప్పటికింకా చేరలేదు. అందుకే ఆ సూది.

ఈ కాపురం ఎప్పుడు మొదలవుతుంది? దీనిని మొదట శ్రద్ధగా చూసినవాడు థియోడోర్ ఎషెరిక్ అనే పిల్లల వైద్యుడు. 1885లో ఆయన జర్మనీలో పసిబిడ్డల విరేచనాన్ని సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించాడు. ఇదేమి పని అని నాటివారు నవ్వి ఉండవచ్చు. పుట్టగానే బిడ్డకు అయ్యే నల్లని, జిగురైన మొదటి విరేచనంలో ఆయనకు బాక్టీరియా కనబడలేదు. కొన్ని గంటలు గడిచేసరికి కనబడసాగాయి. ఆయన అప్పుడు వర్ణించిన ఒక క్రిమికి తరువాత ఆయన పేరే పెట్టారు. నేడు డాక్టర్లు ఇ.కోలై అనే దానిలో 'ఇ' అక్షరం ఎషెరిక్‌గారిదే. తల్లి గర్భంలోని బిడ్డ పేగులో బాక్టీరియా కాపురం ఉండదనే నేటి పరిశోధకులలోనూ ఎక్కువమంది అభిప్రాయం.

పుట్టే క్షణం నుండి రాక మొదలు. కానుపు మార్గంలో తల్లి నుండి కొన్ని వస్తాయి. ఎత్తుకున్న చేతుల నుండి, ముద్దు పెట్టుకున్న పెదవుల నుండి, తల్లి రొమ్ము చర్మం నుండి, పాల నుండి కొన్ని వస్తాయి. మొదట స్థిరపడేవి ఎక్కువగా ఆక్సిజన్ ఉన్నా లేకపోయినా బ్రతకగలిగినవి. అవి పేగులో ఉన్న కొద్ది ఆక్సిజన్‌ను వాడుకుని అయిపోగొడతాయి. అప్పుడు ఆక్సిజన్ అంటే గిట్టని రెండవ జట్టుకు చోటు ఏర్పడుతుంది. బిడ్డకు అసలు మేలు చేసేవి ఈ రెండవ జట్టులోనే ఎక్కువ. పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో హెన్రీ టిస్సియే అనే ఆయన 1900 ప్రాంతంలో తల్లిపాలు త్రాగే బిడ్డల విరేచనంలో వీటిని గుర్తించాడు. సూక్ష్మదర్శినిలో చూస్తే ఒక కొస రెండుగా చీలి, మన పిల్లలు పిట్టలను కొట్టే పంగలకర్రలా ఉంటుంది. అందుకే 'చీలినది' అనే అర్థంలో బిఫిడస్ అని పేరు వచ్చింది. నేడు బిఫిడోబాక్టీరియా అంటున్నారు.

ఇప్పుడు పాల సంగతికి వద్దాము. ఇక్కడే మాకు ఎంతో ఆశ్చర్యం కలిగించిన విషయం ఉన్నది.

తల్లిపాలలో కొవ్వు, లాక్టోజ్ అనే చక్కెర అయిన తరువాత మూడవ స్థానంలో ఉండే పదార్థం ఒక జాతి చిక్కని చక్కెరలు. వీటిలో 150కి పైగా రకాలున్నవి. లీటరు పాలలో ఇంచుమించు 5 నుండి 15 గ్రాముల వరకు ఉంటాయి, ముర్రుపాలలో ఇంకా ఎక్కువ. ఆవుపాలలో ఇవి బహు స్వల్పం. విచిత్రమేమంటే, ఈ చక్కెరలను బిడ్డ అరిగించుకోలేదు. అవి కడుపు దాటి, చిన్నపేగు దాటి, చెక్కుచెదరకుండా పెద్దపేగుకు చేరుతాయి. బాలింత శరీరం తాను తిన్న నాలుగు మెతుకులలోంచి శక్తిని ఖర్చుచేసి, బిడ్డకు ఆహారంగా పనికిరాని పదార్థాన్ని ఎందుకు తయారుచేస్తుంది? చాలా కాలం ఇది అంతుపట్టలేదు. ఇప్పుడు తెలిసింది, అది బిడ్డకు వడ్డించిన భోజనం కాదు, బిడ్డ పేగులోని బిఫిడోబాక్టీరియాకు వడ్డించినది. వాటిలో ఇన్‌ఫాంటిస్ అనే జాతికి ఈ చక్కెరలను తినడానికి కావలసిన సాధనాలన్నీ ఉన్నాయి. తిని అవి పులుపు పదార్థాలను విడుదల చేస్తాయి. పేగు పులుపెక్కితే హాని చేసే క్రిములు అక్కడ నిలవలేవు. పాలిచ్చే తల్లి ఇద్దరిని పోషిస్తున్నది, ఒకరు ఒడిలో, ఒకరు ఆ ఒడిలోని బిడ్డ కడుపులో.

ముర్రుపాలను పిండి పారబోసే ఇళ్లు మన పేటలలోనూ పల్లెలలోనూ ఇప్పటికీ లేకపోలేదు. పసుపుగా, చిక్కగా ఉన్నవి గనుక చెడిపోయిన పాలనుకుంటారు. "మూడవ రోజున మంచిపాలు పడతాయి, అంతవరకు పంచదార నీళ్లు పడదాం" అంటారు. ఆ మూడు రోజులే పేగులో ఎవరు ముందు స్థిరపడాలో తేలే రోజులు. ముర్రుపాలలో ఆ చక్కెరలు దండిగా ఉండడమే గాక, పేగు గోడకు పూతలాగా అంటుకుని క్రిములను ఆపే రక్షక పదార్థాలు కూడా ఉంటాయి. గేదె ఈనితే జున్నుపాలు అపురూపంగా దాచుకుంటామే, మన బిడ్డకు వచ్చిన జున్నుపాలు మట్టిపాలు చేయడమేమిటి? కానుపైన గంటలోపు రొమ్ము అందించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇందుకే. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అవసరం లేదని చెప్పేదీ ఇందుకే. విశాఖ ఎండలలో బిడ్డ నోరెండుతుందని భయపడతారు గాని తల్లిపాలలో అత్యధిక భాగం నీళ్లే.

తేనె విషయం విడిగా చెప్పాలి. తేనె ఎంత స్వచ్ఛమైనదైనా దానిలో ఒకోసారి బొటులిజం అనే జబ్బును కలిగించే క్రిమి విత్తనాలు ఉంటాయి. పెద్దవారి పేగులో కాపురమున్న బాక్టీరియా వాటిని మొలకెత్తనివ్వవు. పసిబిడ్డ పేగులో ఇంకా ఆ కావలి లేదు. అవి అక్కడ మొలకెత్తి విషాన్ని పుట్టిస్తే బిడ్డ మెడ నిలపలేదు, పాలు చప్పరించలేదు, ఊపిరి కూడా కష్టమవుతుంది. ఈ జబ్బు తరచుగా వచ్చేది కాదు గాని వస్తే ప్రాణాంతకం. గనుక ఏడాది నిండేవరకు తేనె వద్దు, ఒక్క చుక్కయినా వద్దు. ఆముదం, వస, పంచదార నీళ్లు కూడా ఆ వరుసలోనివే. వాటిని పట్టే వేలు, అరగదీసే రాయి, కలిపే నీరు ఎంత శుభ్రమన్నది ఎవరికి తెలుసు?

ఆపరేషన్ కానుపైన తల్లుల బాధ వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన కానుపులలో 42.4 శాతం ఆపరేషన్లే. తెలంగాణలో 60.7 శాతం. అంటే ఇది ఎక్కడో ఒకరి సంగతి కాదు. ఆపరేషన్ ద్వారా పుట్టిన బిడ్డకు తల్లి కానుపు మార్గంలోని బాక్టీరియా, పేగులోని బాక్టీరియా అందవని, చర్మం మీదివి, ఆసుపత్రి వాతావరణంలోనివి ముందుగా చేరతాయని పరిశోధనలు చెబుతున్నాయి. ఇంగ్లాండులో 596 మంది బిడ్డలను పరిశీలించి 2019లో ప్రకటించిన పెద్ద అధ్యయనంలోనూ తేడా కనబడింది. ఇది విని "నా బిడ్డకు అన్యాయం చేశాను" అని ఏడ్చిన తల్లిని మేమెరుగుదుము. అమ్మా, ఆ అధ్యయనంలోనే రెండవ మాట కూడా ఉన్నది. ఆరు నుండి తొమ్మిది నెలలు వచ్చేసరికి ఆ తేడా చాలావరకు సర్దుకున్నది, ఒక్క జాతి బాక్టీరియా మాత్రమే వెనుకబడి కనబడింది. ఆపరేషన్ అవసరమైనప్పుడు అది తల్లినీ బిడ్డనూ బ్రతికించేది. అయితే ఆపరేషన్ తల్లికి మత్తు, నొప్పి, కుట్ల వలన పాలు పట్టడం ఆలస్యమవుతుంది, ఆ సందులోనే డబ్బాపాలు ఇంట ప్రవేశిస్తాయి. ఇంటివారు ఆమెను "పాలు లేవు" అని దెప్పడం మాని, బిడ్డను ఆమె ఛాతీ మీద పడుకోబెట్టి, ప్రక్కకు తిప్పి రొమ్ము పట్టడానికి ఒక చేయి సాయం చేస్తే ఆ సందు మూసుకుపోతుంది. ఇందులో భర్త చేయగలిగిన పని కూడా ఉన్నదని మగవారు గమనించగోరుతున్నాము. ముహూర్తం చూసుకుని ఆపరేషన్ అడిగేవారితో మాత్రం మాకు పేచీ ఉన్నది, అది మరొక నెల.

ఈ సూక్ష్మజీవులు చావు బ్రతుకుల సంగతి ఎలా అవుతాయో మన పొరుగు రాష్ట్రంలోనే చూపించారు. ఇచ్ఛాపురం దాటితే ఒడిషా. అక్కడి పల్లెలలో డాక్టర్ పినాకి పాణిగ్రాహి బృందం 4,556 మంది పసికందులతో ఒక పరీక్ష చేసింది. వీరందరూ సరిపడా బరువుతో పుట్టి తల్లిపాలు త్రాగుతున్న బిడ్డలే. సగం మందికి పుట్టిన కొద్ది రోజులలో మొదలుపెట్టి ఏడు రోజులపాటు లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే మంచి బాక్టీరియాను, దానికి ఆహారంగా ఒక రకం చక్కెరను కలిపి ఇచ్చారు. మిగతావారికి పైకి అలాగే కనబడే ఉత్త పొడి ఇచ్చారు. రెండు నెలలు కనిపెట్టి చూశారు. ఉత్త పొడి తీసుకున్నవారిలో రక్తానికి విషక్రిములు సోకడం గాని మరణం గాని సంభవించినవారు నూటికి 9 మంది. మంచి బాక్టీరియా అందినవారిలో నూటికి 5.4. ఈ ఫలితం 2017లో వెలువడినప్పుడు ప్రపంచమంతా ఒడిషా పల్లెల వైపు చూసింది. ఏడు రోజులు, బహు తక్కువ ఖర్చు. మన వంటి చోట్ల నెల నిండని బిడ్డలు పోయే ముఖ్య కారణాలలో ఈ రక్తపు సోకుడు ఒకటి.

ఇది చదివి ఎవరూ మందుల షాపుకు పోయి "ప్రొబయోటిక్ పొడి ఇవ్వండి" అని అడగవద్దు. ఆ పరీక్షలో వాడినది ఎంతో పరిశీలించి ఎంచిన ఒకే ఒక రకం. షాపులో దొరికే ప్రతిదీ అది కాదు. నెలలు నిండకుండా పుట్టిన ఒక బిడ్డకు ఇచ్చిన ప్రొబయోటిక్‌లోని బాక్టీరియాయే రక్తంలో చేరి, ఆ బిడ్డ మరణించిన సంగతి బయటపడి, 2023లో అమెరికా ప్రభుత్వ ఔషధ శాఖ అక్కడి వైద్యులను హెచ్చరించింది. డాక్టరు చెబితే సరే, లేకుంటే తల్లిపాలే చాలు. ఇంకొక మాట: నెలలోపు బిడ్డ పాలు చప్పరించడం మానినా, ఒళ్లు చల్లబడినా, కాలిపోయినా, ఊపిరి ఎగబీల్చినా, అది దిష్టి అనుకుని ఉప్పు తిప్పుతూ కూర్చోకండి. 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకుపోండి. గంటలు లెక్క.

ఆరు నెలలు నిండి అన్నం ముట్టించాక కథ మారుతుంది. అప్పటివరకు పాలచక్కెరలు తినే జాతులదే రాజ్యం. అన్నం, పప్పు, కూర లోనికి పోగానే పీచును, పిండిని అరిగించే కొత్త జాతులు వచ్చి చేరతాయి. పాలు మానేవరకు రెండు జట్లూ కలిసి ఉంటాయి. వెనెజులా అడవి గ్రామాలలో, ఆఫ్రికాలోని మలావీలో, అమెరికా పట్టణాలలో మొత్తం 531 మందిని పరీక్షించి 2012లో చెప్పినదేమంటే, ఏ దేశమైనా ఏ రంగైనా, బిడ్డ పేగులోని ఈ సంఘం పెద్దవారి దానివలె రూపుదిద్దుకునేది మొదటి మూడేళ్లలోనే. 2018లో వెలువడిన మరొక అధ్యయనంలో 903 మంది పిల్లలను నెలల తరబడి వెంటాడి చూస్తే, 14 నెలల వరకు వేగంగా ఎదుగుదల, 30 నెలల వరకు మార్పు, ఆ తరువాత స్థిరపడడం కనబడింది. మొదటి దశలో అన్నిటికన్నా ఎక్కువ ప్రభావం చూపినది తల్లిపాలే. "ఉగ్గుపాలతో అబ్బిన గుణం" అని మన పెద్దలు ఊరకే అనలేదు.

సమూయేలును పాలు మాన్పించేవరకు హన్నా షిలోహుకు వెళ్లలేదని చదువుతాము. ఏడేడు సాకులు చెప్పి ఆరు నెలలకే పాలు మాన్పించేవారికి ఆ తల్లి జ్ఞాపకం రావాలి. రెండేళ్ల వరకైనా, అన్నంతో పాటు పాలు ఇవ్వడం మంచిది.

ఇక ఏ అన్నం? బంగ్లాదేశ్ రాజధాని ఢాకాలో మీర్పూర్ అనే బస్తీ ఉన్నది. అక్కడి బక్కచిక్కిన పిల్లల పేగులో సూక్ష్మజీవుల సంఘం వారి వయసుకు తగినట్లు ఎదగలేదని, ఏడాదిన్నర పిల్లవాని కడుపులో ఇంకా చిన్న బిడ్డ సంఘమే ఉన్నదని 2014లో జెఫ్రీ గోర్డన్, తహ్మీద్ అహ్మద్ బృందాలు కనిపెట్టాయి. ఎంత తినిపించినా కొందరు పిల్లలు కోలుకోకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చునని వారికి తోచింది. ఆ వెనుకబడిన జాతులకు ఇష్టమైన ఆహారమేదో వెదికి వెదికి చివరకు వారు తయారుచేసిన పదార్థంలో ఏమున్నాయో చూడండి: శనగపిండి, వేరుశనగ పిండి, సోయా పిండి, పచ్చి అరటికాయ, కొంచెం నూనె, పంచదార, విటమిన్లు. 2021లో ఫలితం వచ్చింది. ఏడాది నుండి ఏడాదిన్నర వయసు పిల్లలకు మూడు నెలలు పెడితే, అంతకు ముందునుండి వాడుకలో ఉన్న పోషకాహార పొట్లం కన్నా దీనిలో కేలరీలు తక్కువైనా, పిల్లలు మెరుగ్గా బరువు పెరిగారు. అది కొలతలతో చేసిన వైద్యపు ఆహారం, ఇంట్లో అదే తయారవుతుందని మేము చెప్పడం లేదు. గాని ఆ జాబితాలోని దినుసులు మన పేట కిరాణా కొట్టులోనివే. పది రూపాయల కుర్‌కురే పొట్లం కొనే చేతితో ఆ పది రూపాయలకు వేరుశనగలు కొనవచ్చు. వేయించి, మెత్తగా పొడి చేసి పెట్టాలి, గింజలుగా పెడితే గొంతుకు అడ్డం పడతాయి. చోడంబలి, మెత్తగా ఉడికిన పప్పన్నం, మెదిపిన అరటిపండు, ముల్లు తీసిన వంజరం ముక్క చాలును. సముద్రం ఒడ్డున ఉండి, చేప అమ్మిన డబ్బుతో టీలో ముంచిన బిస్కట్టు బిడ్డకు పెట్టడం చూస్తే మాకు కష్టంగా ఉంటుంది.

మంచి ఆహారం పెట్టినా పేగులోని సంఘాన్ని ఒక్క వారంలో చెదరగొట్టేది ఇంకొకటున్నది. అది చెప్పడానికి భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకోవాలి. ఆయన అన్నదమ్ములు ఇద్దరు రోజుల తేడాలో సంగ్రహణి జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టకుండా విరేచనాలై మనిషి చిక్కిపోయే జబ్బు అది. ఆయనకూ సోకితే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. తరువాత అమెరికా వెళ్లి లెడర్లే సంస్థలో పరిశోధనలకు సారథ్యం వహించినప్పుడు ఆ ప్రయోగశాల ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అది సంగ్రహణికి మందయింది. అదే చోట బెంజమిన్ డుగ్గర్ అనే శాస్త్రవేత్త మట్టిలోని ఒక జీవి నుండి ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్‌ను కనిపెట్టగా 1948లో లోకానికి ప్రకటించారు. సుబ్బారావుగారు ఆ యేడే మరణించారు. సంగ్రహణిలో చిన్నపేగులో చేరకూడని బాక్టీరియా చేరుతుందని తరువాత తెలిసింది. నేటికీ దానికి ఫోలిక్ ఆమ్లంతో పాటు ఆరియోమైసిన్ కుటుంబానికే చెందిన టెట్రాసైక్లిన్ ఇస్తారు. అన్నదమ్ములను మింగిన జబ్బుకు రెండు ప్రక్కల నుండీ మందు ఆ తెలుగువాని ప్రయోగశాల నుండే వచ్చింది.

అంత గొప్ప మందు. అయితే ఆ ప్రయోగశాలలోనే థామస్ జ్యూక్స్ బృందం కోడిపిల్లల మేతలో ఆరియోమైసిన్ కొద్దిగా కలిపితే అవి వేగంగా బరువు పెరగడం గమనించింది. పేగులోని బాక్టీరియాను కదిలిస్తే శరీరం పెరిగే తీరే మారుతుందని అప్పుడే తెలిసినట్లు. యాంటీబయోటిక్‌కు మన శత్రువెవరో మిత్రుడెవరో తెలియదు. న్యుమోనియాకు, పసికందు రక్తానికి సోకిన విషక్రిములకు అది ప్రాణదాత, అప్పుడు సందేహించకుండా పూర్తి రోజులు వాడాలి. గాని రెండు విరేచనాలయితే, ముక్కు కారితే, షాపువాడిని అడిగి ఒక సీసా తెచ్చి సగం పోసి ఆపడం మన పేటలలో మామూలైపోయింది. పిల్లల విరేచనాలలో ఎక్కువ భాగం వైరస్‌ల వలన వచ్చేవి. వైరస్ మీద యాంటీబయోటిక్ పనిచేయదు. పేగులోని మంచి సంఘం మీద మాత్రం తప్పక పనిచేస్తుంది. మూడేళ్లలోపు అది ఇంకా పునాదుల మీదే ఉన్న ఇల్లు.

అటువంటి విరేచనాలకు కావలసినది ఓఆర్‌ఎస్ ద్రావణం, పొట్లం మీద వ్రాసిన కొలత నీటిలో కలిపి, చెంచాతో. దానితో పాటు జింకు మాత్ర 10 నుండి 14 రోజులు: ఆరు నెలలలోపు బిడ్డకు రోజుకు 10 మిల్లీగ్రాములు, దాటిన బిడ్డకు 20. విరేచనాలు ఆగినా ఆ రోజులు పూర్తిచేయాలి. తల్లిపాలు ఆపకూడదు. విరేచనంలో రక్తం కనబడితే, బిడ్డ కళ్లు లోపలికి పోయి సొమ్మసిల్లితే, డాక్టరు దగ్గరకు. రోటా వైరస్ చుక్కలు వేయించడం మరువకండి. దేశంలో వాటిని ప్రభుత్వం ఉచితంగా మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాలలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి, 2016లో. మొదట వాడిన ఆ టీకాను తయారుచేసినది హైదరాబాదు సంస్థే. ఇక మందుల అట్ట మీద నిలువుగా ఎర్రగీత ఉన్నదో లేదో చూడండి. అది ఉన్నవాటిని డాక్టరు చీటీ లేకుండా కొనవద్దు.

చివరకు మన పేటలో అందరికంటె కష్టం ఎవరిదో వారి మాట. తెల్లవారుఝామున ఫిషింగ్ హార్బరుకు పోయి, వేలంలో చేపలు కొని, తట్ట నెత్తిన పెట్టుకుని మధ్యాహ్నం వరకు వీధులు తిరిగే సహోదరీలున్నారు. వారిలో చాలామంది బిడ్డకు మూడు నెలలు నిండక ముందే తట్ట ఎత్తుతారు. ఇంట్లో మామ్మగారు డబ్బాపాలు కలుపుతారు, డబ్బా ఎక్కువ రోజులు రావాలని పలుచగా. సీసా పీక మీద ఈగలు. ఆరు నెలలు తల్లిపాలే అని మేము ప్రసంగించి వెళ్లిపోతే వారికి ఉపయోగమేమి? వారికి చెప్పదగినది ఇది. బయలుదేరే ముందు ఒకసారి తృప్తిగా పాలివ్వండి. తరువాత చేతులు సబ్బుతో కడుగుకొని, మరిగించి ఆరబెట్టిన స్టీలు గ్లాసులోకి పాలు పిండి, మూత పెట్టి, ఇంట్లో చల్లగా ఉండే మూలన ఉంచండి. మామూలు రోజులలో నాలుగు గంటల వరకు ఉంటాయి, మే నెల ఎండలలో అంతకంటె ముందే పట్టేయాలి, ఫ్రిజ్ ఉన్న ఇంటిలో మరుసటి రోజు వరకు ఉంటాయి. తీసిన పాలను పొయ్యి మీద కాచవద్దు. వేడినీళ్ల గిన్నెలో గ్లాసు ఉంచితే చాలును. బిడ్డకు సీసాతో కాక ఉగ్గుగిన్నెతో పట్టమని మామ్మగారికి చెప్పండి. ఆ గిన్నెకు ముక్కు వెడల్పు, చేయి పోతుంది, లోపల తోమవచ్చు, పది నిమిషాలు మరిగించవచ్చు. సీసా పీకలో అవేవీ కుదరవు. మామ్మగారి చేతిలో ఉగ్గుగిన్నె ఉండనే ఉన్నది, పట్టడం ఆమెకు తెలిసినంత బాగా నర్సమ్మకు కూడా తెలియదు.